విప్లవము పిమ్మట: ట్యునీషియా, ఈజిప్టుల అనుభవము

అరబ్బు దేశములన్నంతనే మన తెలుగువారికి ముందుగా స్ఫురించునవి కువైటు, దుబాయి, మస్కటు, దోహా. కడప సీమనుండియు, కోనసీమనుండియు, కరీంనగరము ప్రాంతమునుండియు అచ్చటికి పోయి చెమటోడ్చి యింటికి డబ్బు పంపువారు లక్షల సంఖ్యలో నున్నారు. కాని యవి యన్నియు రాజులును అమీరులును ఏలు సీమలు. మేమిచ్చట ప్రస్తావింపబూనినది వానికి పడమటగా, ఆఫ్రికా యుత్తర తీరమున నున్న రెండు దేశముల కథ. ప్రజలు ప్రభువును దింపిన పిమ్మట ప్రజాప్రభుత్వము ఒకచోట పదేండ్లు ఎట్లు నిలిచెను, వేరొకచోట రెండేండ్లకే ఎట్లు కూలెను, నిలిచినచోట సయితము తుదకేల జారెను అనునది మా విచారణ.

2010 డిసెంబరు 17వ తేదీన ట్యునీషియా నడిభాగమందలి సిదీ బూజీద్ అను చిన్న పట్టణములో, బండిపై పండ్లు కూరలు అమ్ముకొని బ్రతుకు మొహమ్మద్ బువాజీజీ అను యువకుడు, తన తక్కెడను సరకును అధికారులు లాగుకొనగా, మొర వినువారు లేక, ప్రభుత్వ కార్యాలయము నెదుట ఒంటికి నిప్పంటించుకొనెను. 2011 జనవరి 4న మరణించెను. మరి పది దినములకు, 23 ఏండ్లు ఏలిన బెన్ అలీ విమానమెక్కి సౌదీ అరేబియాకు పారిపోయెను. ఫిబ్రవరి 11న ఈజిప్టు అధ్యక్షుడు హోస్నీ ముబారక్ పదవి విడిచెను. 1969 నుండి లిబియాను గుప్పిట బట్టిన గడాఫీ అక్టోబరు 20న హతుడయ్యెను. మరుసటి ఫిబ్రవరిలో యెమెన్ అధ్యక్షుడు సాలే తప్పుకొనెను. ఆ దినములలో పత్రికలు దీనిని ‘అరబ్బు వసంతము’ అని కొనియాడినవి. ఆ పేరు మాకు మొదటినుండియు రుచింపలేదు. వసంతము తనంత తాను వచ్చును, తనంత తాను పోవును. ఇచ్చట జరిగినవన్నియు మనుష్యులు చేసినవి, చేయక విడిచినవి.

ఇస్లాము మతమునకును ప్రజాస్వామ్యమునకును పొసగదని తేల్చివేయువారు కలరు. ప్రపంచమున నెక్కువమంది ముస్లిములు గల ఇండోనేషియా, 1998లో సుహార్తో తొలగిన నాటినుండి ఎన్నికలు జరుపుకొనుచు ప్రభుత్వములను మార్చుకొనుచునే యున్నది. ఇక ట్యునీషియా, ఈజిప్టు రెండింట మతమొక్కటే, భాష యొక్కటే, ఫలితములు వేరు. కావున ఆ వాదమును పక్కన బెట్టవచ్చును.

మాకు తోచిన హేతువు వేరు. ఎన్నికలలో గెలిచినవా డేమి చేసెనని యందరును విచారింతురు. ఓడినవాని కేమి మిగిలెనని విచారించువారు తక్కువ. తరతరములుగా అన్యభాషా రాష్ట్రములలో స్థిరపడి, ఓట్ల లెక్కలో అల్పసంఖ్యాకులమై యుండు మావంటివారికి ఈ రెండవ ప్రశ్నయే ముందు తట్టును. మన రాజ్యాంగమున 29, 30 అధికరణములును, 1956లో చేర్చిన 350-ఏ, 350-బి అధికరణములును లేకున్నచో, మా పిల్లల తెలుగు చదువు కేవలము సంఖ్యాబలము గలవారి దయాధర్మముగా నుండెడిది. ఓడినను, తక్కువవారమైనను, మన యునికికి భంగము లేదను ధైర్యమున్నచోటనే మనుష్యుడు ఎన్నికల తీర్పును తలవంచి స్వీకరించును. ఆ ధైర్యము లేనివాడు తుపాకిగలవాని గడపకు పోవును. ఈ కొలబద్దతో రెండు దేశములను చూతము.

1956 మార్చి 20న ఫ్రెంచివారినుండి విముక్తి పొందిన ట్యునీషియాకు తొలి నాయకుడైన హబీబ్ బుర్గీబా సైన్యమును నమ్మలేదు. ఇరుగుపొరుగు దేశములలో సేనాధిపతులు రాత్రికి రాత్రి ప్రభువులగుట చూచినవాడు గనుక, తన సైన్యమును చిన్నదిగా నుంచి, రాజకీయములకును వర్తకమునకును దూరముగా నిలిపెను. బెన్ అలీ స్వయముగా సైన్యమునుండి వచ్చినవాడయ్యు పోలీసులనే పెంచెను. అందుచే 2011లో ప్రభువు కదలిపోవుచుండగా అతనిని కాపాడుటవలన సైన్యమునకు ఒరుగునదేమియు లేకుండెను; అతని పీఠము నాక్రమించుటకు అలవాటును లేకుండెను.

అంతకంటె ముఖ్యమైనది కార్మిక సమాఖ్య. ఫర్హత్ హషాద్ అను నాయకుడు 1946లో దానిని స్థాపించెను. 1952లో హత్యకు గురియయ్యెను. స్వతంత్ర రాజ్యముకంటె ఆ సంఘము పదేండ్లు పెద్దది. ప్రభుత్వము దాని పెద్దలను ఎంతగా లోబరచుకొన్నను, ఊరూర నున్న శాఖలలో ఉపాధ్యాయులు, గనిపనివారు, తపాలా గుమాస్తాలు తమ తగవులు తాము చెప్పుకొనుచునే యుండిరి. 2008లో గఫ్సా భాస్వర గనుల ప్రాంతమున చెలరేగిన ఆందోళనకును, 2010 డిసెంబరులో సిదీ బూజీద్ మంటలు రాజధానికి ప్రాకుటకును ఆ స్థానిక శాఖలే ఆలంబనము. మతపక్షము మాట విననివారును, లౌకికపక్షము మాట విననివారును ఆ సంఘము మాట వినెడివారు.

ఈజిప్టులో ఇట్టివి లేవు. 1952 జూలై 23న రాజరికమును కూలద్రోసినవారు సైనికాధికారులు. నగీబ్, నాసర్, సాదత్, ముబారక్ – నలుగురు అధ్యక్షులును సైన్యమునుండి వచ్చినవారే. నాసర్ పేరు మన దేశమున నెహ్రూ పేరుతో కలిపి స్మరింపబడినది. అతని దేశభక్తిని మేము శంకింపము. కాని యతని కాలమునుండి సైన్యము రాజ్యములో నొక భాగము గాక, రాజ్యమే సైన్యమున కొక భాగమైనది. కర్మాగారములు, భూములు, రహదారుల గుత్తలు, తుదకు సీసాలలో పట్టి యమ్ము త్రాగునీరు వరకు సైన్యము చేతిలో నుండెను. కార్మిక సమాఖ్య యుండెను గాని యది ప్రభుత్వపు శాఖవలె మెలగెను. ప్రభుత్వమునకు వెలుపల బలమైన సంస్థ యొక్కటే: 1928లో ఇస్మాయిలియా పట్టణమున పుట్టిన ముస్లిం సోదర సమాజము. నిషేధములు, చెరసాలలు, ఉరికంబములు చూచిన సంస్థ యది. రహస్యముగా బ్రతుకుట నేర్చినవారికి బహిరంగముగా నలుగురితో కలిసి నడచుట అలవడుటకు కాలము పట్టును. ఆ కాలము వారికి దొరకలేదు, వారు తీసికొనను లేదు. ముబారక్ దిగిపోయినప్పుడు అధికారము చేరినది సేనాధిపతుల మండలికి. తహ్రీర్ కూడలిలో జనము యజమానిని మార్చినది గాని యిల్లు మారలేదు.

ఎన్నికల పద్ధతులలోని భేదమును కొందరు చిన్నదిగా తలంతురు. మేమట్లు తలంపము. ట్యునీషియాలో న్యాయశాస్త్రవేత్త యాద్ బెన్ అషూర్ అధ్యక్షతన గూడిన సంఘము, ఎవరెంత బలవంతులో ఎవరికిని తెలియని దశలో, దామాషా పద్ధతిని నిర్ణయించెను. 2011 అక్టోబరు 23న జరిగిన రాజ్యాంగ నిర్మాణ సభ ఎన్నికలలో మతపక్షమైన ఎన్నహ్దాకు నూటికి 37 ఓట్లు వచ్చినవి. 217 స్థానములలో 89 దక్కినవి. దాదాపు అన్ని నియోజకవర్గములందును ఆ పక్షమే మొదట నిలిచెను. మన దేశమునందువలె మొదట నిలిచినవానికే స్థానమను పద్ధతి యుండినచో సభ యంతయు దానిదే యయ్యెడిది. అట్లు కానందున రెండు లౌకికపక్షములతో పొత్తు కలుపక గత్యంతరము లేకపోయెను. రాజ్యాంగ రచనలో ఎన్నహ్దావారు షరియాను శాసనమూలముగా పేర్కొనవలెనను కోరికను 2012లో విడిచిరి. స్త్రీ పురుషునకు పూరకురాలను మాట చిత్తుప్రతిలో చేరగా స్త్రీలు వీథులకెక్కిరి, ఆ మాట తొలగెను. రెండేండ్లకు పైగా పట్టినది. తొందరపడు పత్రికలు ఆ జాప్యమును పరిహసించినవి. మన రాజ్యాంగ సభకు పట్టినది 2 సంవత్సరముల 11 నెలల 18 దినములని యెరిగిన మన కది వింత కాదు.

ఈజిప్టు శాసనసభ ఎన్నికలలో సోదర సమాజపు పక్షమునకును, దానికంటె కరడుగట్టిన సలఫీలకును కలిపి మూడింట రెండు వంతులకు పైగా స్థానములు వచ్చినవి. 2012 జూన్ 14న, అధ్యక్షుని తుది ఎన్నిక రెండు దినములున్నదనగా, ముబారక్ కాలపు రాజ్యాంగ న్యాయస్థానము ఆ సభను రద్దు చేసెను. అధ్యక్ష పదవికి మా అభ్యర్థిని నిలుపమని 2011లో చెప్పిన సోదర సమాజము మాట తప్పి నిలిపెను. తొలి విడతలో మొహమ్మద్ మోర్సీకి నూటికి 25 ఓట్లైనను రాలేదు. ఏ యితర అభ్యర్థికిని రాలేదు. మలి విడతలో 51.7 వంతులతో గెలిచెను. అనగా తనకు ఓటు వేసినవారిలో సగమునకు పైగా తన వారు కారు. మాజీ ప్రభువు మనిషి రాకూడదని వేసినవారు. ఆ సంగతి గ్రహించి యుండిన అతని నడత వేరుగా నుండెడిది. నవంబరు 22న తన యాజ్ఞలను ఏ న్యాయస్థానమును విచారింపరాదని ప్రకటించెను. లౌకికవాదులును క్రైస్తవ ప్రతినిధులును విడిచిపోయిన రాజ్యాంగ సభ, ఒక్క రాత్రి కూర్చుండి తెల్లవారునప్పటికి రాజ్యాంగమును ముగించెను. దానిపై ప్రజాభిప్రాయ సేకరణకు వచ్చినవారు ఓటర్లలో మూడవ వంతు మాత్రమే.

ప్రతిపక్షములవారును నిర్దోషులు కారు. మోర్సీని ఎన్నికలలో ఓడించు ఓపిక వారికి లేకపోయెను. 2013 జూన్ 30న లక్షలాది జనము వీథులలో నిలువగా, సైన్యము గడువు విధించుచుండగా, వారు హర్షధ్వానములు చేసిరి. జూలై 3న జనరల్ సిసీ దూరదర్శనమున కనబడి మోర్సీని తొలగించితినని చెప్పునప్పుడు, ఆ సభలో అల్-అజర్ మతాచార్యుడును, కాప్టిక్ క్రైస్తవ గురువును, నోబెల్ బహుమాన గ్రహీత ఎల్ బరాదీయును ఆసీనులై యుండిరి. ఆగస్టు 14న కైరోలోని రబా కూడలిలో కూడిన మోర్సీ పక్షీయులపై కాల్పులు జరిగి వందలమంది ప్రాణములు గోల్పోయిరి. ఉపాధ్యక్షుడైన ఎల్ బరాదీ ఆనాడే రాజీనామా చేసెను. ముబారక్‌ను దింపుటలో ముందు నిలిచిన ‘ఏప్రిల్ 6’ యువజనోద్యమమును మరుసటి యేడు న్యాయస్థానము నిషేధించెను. పిట్టపోరు పిట్టపోరు పిల్లి తీర్చినదను మన సామెతకు ఇంతకంటె దృష్టాంతము దొరకదు. ఈ తీర్పుకు సౌదీ అరేబియా, యునైటెడ్ అరబ్ ఎమిరేట్సు, కువైటులు 12 వందల కోట్ల డాలర్ల సాయము వెంటనే ప్రకటించినవి. పొరుగున ఎన్నికలు వర్ధిల్లుట రాజులకు నిద్ర పట్టించు విషయము కాదు గదా.

ఆ వేసవిలోనే ట్యునీషియాయు అదే అంచున నిలిచెను. 2013 ఫిబ్రవరి 6న వామపక్ష నాయకుడు షుక్రీ బెలాయిద్, జూలై 25న శాసనసభ్యుడు మొహమ్మద్ బ్రాహ్మీ తుపాకి గుండ్లకు బలియైరి. సభాభవనమైన బార్దో యెదుట జనము రాత్రింబవళ్ళు కూర్చుండెను. సభ నిలిచిపోయెను. అప్పుడు కార్మిక సమాఖ్య, యజమానుల సంఘము, మానవ హక్కుల సమితి, న్యాయవాదుల మండలి – ఈ నాలుగును మధ్యస్థములై ఇరుపక్షములను ఒక బల్లకు చేర్చినవి. కూలివారి సంఘమును యజమానుల సంఘమును ఒక తగవు తీర్చుటకు చేతులు కలుపుట ఏ దేశమునను తరచుగా చూడము. ఎన్నహ్దా ప్రభుత్వము దిగిపోవుటకును, పక్షరహిత ప్రభుత్వము ఎన్నికలు జరుపుటకును, అంతకుముందే రాజ్యాంగము ముగియుటకును ఒడంబడిక కుదిరెను. 2014 జనవరి 26న, మన గణతంత్ర దినమున, 216 మంది సభ్యులలో 200 మంది ఆ రాజ్యాంగమును ఆమోదించిరి. మధ్యస్థులకు 2015లో నోబెల్ శాంతి బహుమానము లభించెను.

దీనినంతయు ట్యునీషియనుల ఔదార్యమునకు ముడిపెట్టి పొగడువారున్నారు. మేమంత దూరము పోము. రబా కూడలి నెత్తుటి వార్త ట్యునిస్ చేరినది ఆ చర్చల దినములలోనే. ఎన్నహ్దా నాయకుడు రషీద్ గన్నూషికి తన సోదరపక్షము గతి కన్నుల ముందు కనబడెను. తుపాకి పట్టుటకు పెద్ద సైన్యము లేని దేశమున ప్రత్యర్థులకును వేరు దారి కనబడలేదు. భయము కూడ ఒక్కొక్కప్పుడు వివేకము నేర్పును. ఐనను ఆ వివేకమును పట్టుకొని నిలిచినందుకు గన్నూషిని మెచ్చుకొనవలెను. పాత ప్రభుత్వపు మనుష్యులను ఎన్నికలనుండి బహిష్కరించు నిబంధన 2014లో సభ ముందుకు రాగా, అతడు దానికి అడ్డు నిలిచెను. అది ఒక్క ఓటు తక్కువై వీగిపోయెను. ఆ యేటి అక్టోబరు ఎన్నికలలో పాత మనుష్యులు చేరిన ‘నిదా తూనిస్’ పక్షమునకు 86 స్థానములు, ఎన్నహ్దాకు 69 వచ్చినవి. గన్నూషి ఓటమిని అంగీకరించెను.

లిబియాలో దీనికి విపర్యయము జరిగెను. 2012 జూలైలో ఉత్సాహముతో ఓట్లు వేసిన దేశమది. 2013 మే నెలలో సాయుధ దళములు మంత్రిత్వ శాఖల భవనములను చుట్టుముట్టి యుండగా, గడాఫీ క్రింద పదవి నిర్వహించినవారినందరిని వెలివేయు శాసనమును సభ ఆమోదించెను. మరుసటి యేడు దేశమునకు రెండు ప్రభుత్వములు వెలసినవి. యెమెనులో పది నెలలు సాగిన జాతీయ సంవాద సభ 2014 జనవరిలో ముగిసెను. సెప్టెంబరులో హౌతీ దళములు రాజధానిని పట్టుకొనెను. కాగితమునకు కాపలా లేనిచోట కాగిత మేమి చేయగలదు?

ట్యునీషియా నిలిచిన కారణమును చెప్పితిమి. అది పడిపోయిన కారణము కూడ అందులోనే యున్నదని మా యభిప్రాయము. 2015 తరువాత నిదా తూనిస్, ఎన్నహ్దాలు రెండును కలిసి ప్రభుత్వము నేర్పరచినవి. తగవులాడవలసిన ఇద్దరు పెద్దలు ఒకే విస్తరి ముందు కూర్చుండిరి. ప్రభుత్వము నచ్చనివాడు ఎవరికి ఓటు వేయవలెను? ఉగ్రవాదులు 2015 మార్చిలో బార్దో ప్రదర్శనశాలపైనను, జూన్‌లో సూస్ సముద్ర తీరమునను విదేశీ యాత్రికులను చంపగా, ఆ రాబడియు పడిపోయెను. గఫ్సా గనులలో సమ్మెలు, ప్రభుత్వోద్యోగుల జీతములకు అప్పులు, లోతట్టు జిల్లాల యువకులకు నిరుద్యోగము. 2017లో పాత ప్రభుత్వమున అక్రమములకు తోడ్పడిన ఉద్యోగులకు క్షమాపణ నొసగు శాసనము వచ్చెను. ‘నేను క్షమింపను’ అను పేరుతో యువజనులు ఉద్యమించిరి గాని ఫలింపలేదు. ఓడినవానికి చోటు కల్పించిరి సరే. కల్పించినది పాత యధికారులకు. బువాజీజీ తోడివారికి ఆ బల్లవద్ద చోటు రాలేదు.

మరియొక లోపము చిన్నదిగా కనబడి ప్రాణాంతకమైనది. కొత్త రాజ్యాంగము ప్రకారము 12 మంది సభ్యుల రాజ్యాంగ న్యాయస్థానము ఎన్నికలైన ఏడాదిలోగా ఏర్పడవలెను. నలుగురిని శాసనసభ మూడింట రెండు వంతుల ఓట్లతో ఎన్నుకొనవలెను. తన మనిషి కావలెనని ప్రతి పక్షమును పట్టుపట్టెను. ఏండ్లు గడచినను ఒక్కరికి మాత్రమే కావలసిన ఓట్లు వచ్చినవి. 2013లో దేశమును కాచిన మధ్యస్థత వ్యక్తుల మంచితనము. దానిని శాశ్వత సంస్థగా మార్చు పనిని ఎవరును తమ పనిగా భావింపలేదు. 2019లో నూటికి 70కి పైగా ఓట్లతో అధ్యక్షుడైన కైస్ సయీద్ రాజ్యాంగ న్యాయశాస్త్రము బోధించిన అధ్యాపకుడు. ఆ ఖాళీ విలువ అతనికి తెలిసినట్లు ఇతరులకు తెలియదు. 2021లో సభ మేల్కొని ఆ యెన్నిక నిబంధనలను సడలింపగా, గడువు ఎన్నడో దాటిపోయినదని చెప్పి అతడు సంతకము చేయ నిరాకరించెను.

2021 జూలై 25న, కరోనా మరణములు పెచ్చుపెరిగి, ఆసుపత్రులలో ప్రాణవాయువు కొరతపడిన వేసవిలో, సయీద్ 80వ అధికరణము నుదాహరించి ప్రధానమంత్రి మెషీషీని తొలగించి సభను స్తంభింపజేసెను. ఆ అధికరణము ప్రకారము అట్టి కాలమున సభ నిరంతరము సమావేశమై యుండవలెను. ముప్పది దినముల పిమ్మట, అసాధారణ పరిస్థితి ఇంకను కలదా యని రాజ్యాంగ న్యాయస్థానము నడుగవచ్చును. అడుగుటకు న్యాయస్థానము లేదు. ఆ రాత్రి ట్యునిస్ వీథులలో జనము సయీద్‌కు జేజేలు పలికెను. తెల్లవారకముందే సభాధ్యక్షుడైన గన్నూషి, అప్పటికి ఎనుబదేండ్ల వృద్ధుడు, బార్దో ద్వారము వద్దకు పోయి లోనికి విడువుమని యడిగెను. సైనిక శకటము ద్వారమున కడ్డముగా నిలిచియుండెను. 2011లో ప్రభువు కొరకు కదలని ఆ సైన్యము, ఈమారు ప్రభువు కొరకు ద్వారము మూసెను. కార్మిక సమాఖ్య తొలి దినములలో గట్టిగా అడ్డు చెప్పలేదు. తరువాత చెప్పినను వినువారు లేరు.

పిమ్మటి కథ త్వరగా సాగినది. 2022లో ఉన్నత న్యాయాధికార మండలి రద్దు, 57 మంది న్యాయమూర్తుల తొలగింపు, అధ్యక్షుడే వ్రాయించిన కొత్త రాజ్యాంగము. 2023 ఏప్రిల్‌లో గన్నూషి నిర్బంధము. 2024 అక్టోబరులో నూటికి 90 ఓట్లతో సయీద్ తిరిగి ఎన్నికయ్యెను. ఓటు వేయవచ్చినవారు నూటికి 29 మంది.

విప్లవ దినముగా జనవరి 14ను, బెన్ అలీ పారిపోయిన దినమును, ట్యునీషియా పదేండ్లు జరుపుకొనెను. 2021 డిసెంబరులో సయీద్ దానిని డిసెంబరు 17కు, బువాజీజీ నిప్పంటించుకొన్న దినమునకు మార్చెను. సిదీ బూజీద్ వాసులలో చాలమందికి అది న్యాయముగనే తోచి యుండును. మరుసటి యేడు అదే డిసెంబరు 17న కొత్త శాసనసభకు ఎన్నికలు పెట్టిరి. నూటికి 11 మంది వచ్చిరి.